హనామి

వసంతంలో సకురా పూలు చూడటానికి జపాన్ జనం ఉద్యానాల్లో కూడే వేడుక హనామి. నగరాల్లో ఎక్కువగా కనిపించేది సొమెయి-యోషినో రకం: అయిదు రేకులు, లేత గులాబీ ఛాయ, ఆకు రాకముందే కొమ్మ నిండా పూత. అన్నీ అంటుమొక్కలే కాబట్టి ఒక ఊళ్లో చెట్లన్నీ ఇంచుమించు ఒకేసారి విచ్చుకుంటాయి.

మొగ్గ కదలాలంటే ముందు శీతకాలపు చలి గట్టిగా తగలాలి. విశాఖ తీరంలో అంత చలి ఉండదు. జపాన్‌లో సకురా పూసే రోజుల్లో విశాఖ వన్ టౌన్ వాసులు వెతుక్కునేది ఉగాది పచ్చడికి వేపపూత.

టోక్యో యసుకుని మందిరంలోని నమూనా చెట్టుకు 5, 6 పూలు విచ్చుకోగానే వాతావరణ శాఖ పూత మొదలైనట్టు ప్రకటిస్తుంది. ఇక ఉయెనో పార్కులో చెట్ల కింద నీలం పట్టాలు పరిచి కుటుంబాలు, ఆఫీసు బృందాలు భోజనాలకు కూర్చుంటాయి. తీరిగ్గా నడుస్తూ చూడాలనుకునేవారికి కనజావాలోని కెన్‌రోకుయెన్ తోట మేలు. పూల రోజుల్లో అక్కడ ప్రవేశం ఉచితం.