వాచ్యార్థ గ్రహణం (ఆటిజం)

పలుకుబడిని దాని వాడుక అర్థంలో కాక, ఉన్నమాట ఉన్నట్టే తీసుకోవడం. ఆటిజం ఉన్న కొందరిలో కనిపిస్తుంది. అందరిలో కాదు, భాషపై పట్టును బట్టి మారుతుంది. 1943లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజంపై రాసిన తొలి వ్యాసంలోనే ఒక పిల్లవాడు, పటాలు గోడ ‘మీద’ కాదు, గోడ దగ్గర ఉన్నాయని తండ్రిని దిద్దుతాడు. తెలుగు ‘మీద’తోనూ అదే చిక్కు. వేరే మాటలతోనూ ఇంతే: బొంతపల్లి వంటి ఫ్యాక్టరీ ఊళ్లో ‘నాయిన డ్యూటీ ఎక్కిండు’ అంటే, దేనిమీదికి ఎక్కాడని పిల్లవాడు అడగవచ్చు. ‘పోయొస్త’ అన్న చుట్టం తిరిగొస్తాడని గేటు దగ్గరే నిలబడవచ్చు. మొండితనం కాదిది, వెక్కిరింతా కాదు. మాటల లెక్కన చూస్తే తప్పు వాడిది కానే కాదు. ‘షిఫ్టుకు పోయిండు, రాత్రి పదింటికి వస్తడు’ అని విడమరిస్తే సరిపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది.