అలియాబాదు కూడలి పేరు

హైదరాబాదునుండి కరీంనగరమునకుఁ బోవు మార్గమున, శామీరుపేట సమీపమున, అలియాబాదు గ్రామము కలదు. ఈ గ్రామమునకుఁ జీలు కూడలిని జనులు ‘అలియాబాదు ఎక్స్ రోడ్సు’ అందురు. చిరునామాలయందును నీ పేరే కనఁబడును. ఇందలి ‘ఎక్స్’ అను మాట కర్థమేమని తెలుఁగు బాలుఁ డడిగినచో సమాధానము చెప్పుట సులభము కాదు. కొందఱు దీనిని వట్టి యజ్ఞానమని పరిహసింతురు. పరిహాసమునకు ముందు విచారణ యావశ్యకము.

ఆంగ్లమునఁ గూడలికి ‘క్రాస్ రోడ్సు’ అని పేరు. రోమకలిపిలో నిరువదినాలుగవ యక్షరమగు ‘ఎక్స్’ రెండు గీతల యడ్డుకలయిక యగుటచే ‘క్రాస్’ అను మాటకు మాఱుగా నా యక్షరమునే వ్రాయు నాచార మేర్పడెను. క్రిస్మస్ పండుగపేరును గూడ నాంగ్లేయులు దీనితోనే సంక్షేపింతురు. కాని యచట నది గ్రీకుభాషలోఁ గ్రీస్తునామమునకు మొదటి యక్షరము; అచట ధ్వని ప్రధానము. కూడలిపేరునందో, ఆకారమే ప్రధానము.

ఆకారముచే నర్థమును దెలుపు గుఱుతులు మనకుఁ గ్రొత్తవి కావు. పాణిని అష్టాధ్యాయియందు (6.3.115) పశువుల చెవులపై వేయు గుఱుతుల ప్రసక్తి కలదు. గుఱుతును దెలుపు పదమునకుఁ ‘కర్ణ’ శబ్దము పరమగునపుడు దీర్ఘము విధింపఁబడినది. అందుచే ‘దాత్రాకర్ణ’ మనఁగాఁ గొడవలి గుఱుతుగల చెవి గలది. అష్ట, పంచ, స్వస్తికాదులగు తొమ్మిది పదములకు మాత్ర మా దీర్ఘము లేదు. పసులకాపరి యా గుఱుతును జూచి తన పశువు నెఱుఁగును, చదువ నక్కఱలేదు. రోమకలిపిలోని ‘ఎక్స్’ గుఱుతును నట్టిదే. కావున నా లిపియందది దోషము కాదు.

దోషము తెలుఁగులోనికి మార్చుటయందుఁ గలిగినది. కంటికిఁ గనఁబడు నాకారమును విడిచి, చెవికి వినఁబడు నక్షరనామమును వ్రాసిరి. ‘ఎక్స్’ అను ధ్వనియం దడ్డుగీత లెచట? అశోకుని బ్రాహ్మీలిపిలోఁ గకారము రెండు గీతల యడ్డుకలయికయే. కాని దానినుండి పరిణమించిన నేఁటి తెలుఁగు కకారమున నా యాకృతి మిగులలేదు. కాఁబట్టి యిట ననువాదమే శరణ్యము.

అనువాదమునకుఁ బదముల కొఱఁత లేదు. సంస్కృతమున ‘చతుష్పథము’ కలదు, పథిన్ శబ్దమున కిందు సమాసాంతప్రత్యయము (5.4.74) వచ్చినది. హనుమకొండవారు తమ కూడలిని ‘చౌరస్తా’ అందురు. ఇందుఁ ‘జౌ’ యనునది చతుశ్శబ్దమునుండి ప్రాకృతముద్వారా వచ్చినది, ‘రస్తా’ పారసీకము. అనకాపల్లి జిల్లాలో నొక కూడలికి ‘అడ్డరోడ్డు’ అనియే పేరు; అచటి జనులు ‘క్రాస్’ అను దానిని దెలిఁగించి, ‘రోడ్డు’ను మాత్రము నిలుపుకొనిరి.

వాడుకయే ప్రమాణము గనుక ‘ఎక్స్’ కూడ రూఢి యగుఁగదా యని యాక్షేపింపవచ్చును. ‘రహదారి’ పదము నిదర్శనముగాఁ జూపవచ్చును. మొగలాయీల కాలమున నది దారిసుంకము; ఔరంగజేబు 1659లో దానిని రద్దుచేసెను. నేఁడు తెలుఁగున నది దారికే పేరు. అలియాబాదు మీఁదుగాఁ బోవు మార్గమునకును ‘రాజీవ్ రహదారి’ యనియే పేరు. నిజమే, కాని యా పదము దారితోడి సంబంధమును విడువలేదు. ‘ఎక్స్’ అను ధ్వనికిఁ గూడలితో నట్టి సంబంధము లేదు.

మఱియు, హైదరాబాదు పాతనగరమున దక్షిణపు కోటగుమ్మమునకును ‘అలియాబాదు’ అనియే పేరుండెను. ద్వారము పోయినను పేరు నిలిచియున్నది. కాఁబట్టి రెంటిని వేఱుచేయు భారము రెండవ పదముపైఁ బడుచున్నది. 1966లో నధికారభాషాశాసనము చేయఁబడినది తెలుఁగు మాత్రమే చదువఁగలవారికొఱకును గదా! రోమకలిపి పంక్తిలో ‘ఎక్స్’ గుఱుతుండవచ్చును. తెలుఁగు పంక్తిలో ‘అలియాబాదు చౌరస్తా’ యని వ్రాయుట యుక్తము.