కాయితంలో రాసుకున్న రంగు

ఇల్లు కొనేటప్పుడు మనం ముందు అడిగేవి లింకు డాక్యుమెంట్లు, ఈసీ. ఇవన్నీ సరిగ్గా ఉన్నా అమ్మినవాడికి హక్కు ఉందని ప్రభుత్వం పూచీ పడదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప హక్కును తేల్చదు. అమెరికాలోనూ ఎక్కువ చోట్ల ఇదే తీరు. ఈ లోటులోంచే అక్కడ టైటిల్ ఇన్సూరెన్స్ పుట్టింది.

1868లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు వాట్సన్ వర్సెస్ మ్యూర్‌హెడ్ కేసులో తీర్పు చెప్పింది. కాయితాలు పరిశీలించినవాడు వకీలు సలహా నమ్మి పొరబడితే, కొన్నవాడి నష్టం అతని మీద పడదంది. అంటే మునిగేది కొన్నవాడే. 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. మిగతా బీమాలు రేపటి ప్రమాదానికి, ఇది నిన్నటి తప్పుకి. దొంగ సంతకం, బయటపడని వారసుడు, తీరని తాకట్టు లాంటివి తర్వాత తేలితే పరిహారం ఇస్తుంది. ప్రీమియం ఒక్కసారే. అయితే బ్యాంకు తీయించే పాలసీ బ్యాంకు అప్పునే కాపాడుతుంది. ఇంటివాడు తనకోసం వేరే పాలసీ తీసుకోవాలి. అందులో మినహాయింపుల జాబితా ఉంటుంది. రికార్డుకెక్కిన షరతులు సాధారణంగా ఆ జాబితాలోకే పోతాయి.

ఆ షరతుల్లో ఏముండేదో చూడాలి. సెయింట్ లూయిస్ నగరంలో ఒక వీధి ఇళ్లవాళ్లు 1911లో ఒప్పందం రాసుకున్నారు. నల్లవాళ్లకు, మంగోలు జాతివాళ్లకు 50 ఏళ్లపాటు అక్కడ చోటివ్వకూడదని. 1945లో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం అక్కడ ఇల్లు కొన్నది. కొనేనాటికి ఈ ఒప్పందం సంగతి వాళ్లకు తెలియదు. ఇరుగుపొరుగు కోర్టుకెళ్లారు. మిస్సోరీ సుప్రీంకోర్టు ఒప్పందాన్నే నిలబెట్టింది. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అలాంటి ఒప్పందాన్ని కోర్టులు అమలు చేయడం 14వ సవరణకు విరుద్ధమన్నది. అయితే రాసుకోవడాన్ని తప్పనలేదు. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను 1968 చట్టం నిషేధించాక కూడా ఆ రాతలు ఎన్నో పాత దస్తావేజుల్లో మిగిలే ఉన్నాయి.

అప్పులకు పూచీ ఉండే ప్రభుత్వ గృహ సంస్థ కూడా 1938 మార్గదర్శకాల్లో ఇలాంటి షరతుల్ని సిఫారసు చేసింది. అంటే ఇది కొందరి దురభిప్రాయం కాదు, వ్యవస్థ. హక్కులో లోపమంటే దొంగ సంతకం అనుకుంటాం. ఇక్కడ లోపంగా లెక్కేసింది కొన్నవాడి ఒంటి రంగుని.

వాడ బయట నిలబడి చూసేవాళ్లకు ఇది పరాయి కథేం కాదు. భూమిలేని పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని మన రాష్ట్రంలో 1977 చట్టం నిషేధించింది. అలా కొన్నవాడికి హక్కు రాదన్నది. అయినా మాల మాదిగల పట్టాలు ఎన్నో పెద్దోళ్ల చేతుల్లోకి పోయాయి. ఆ తర్వాత చట్టానికి సవరణలు వచ్చాయి. 2016 రేరా చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వం నోటిఫై చేసిన మేరకు బిల్డరు టైటిల్ బీమా తీయాలన్నది. మంచిదే. ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి మనిషికి రక్షణ కావాలి.

కానీ బీమా డబ్బిచ్చేది పాలసీ ఉన్నవాడికి. ఆ ఇంటి కింద నేల ఎవరిదో, ఎట్లా పోయిందో ఆ కంపెనీ అడగదు. ఆ ప్రశ్న మనమే వేయాలి. లింకు డాక్యుమెంట్లు చూసేటప్పుడు మొట్టమొదటి పట్టా ఎవరి పేరు మీదుందో కూడా చూడాలి.