అఫ్గానిస్తాన్: ఇరుగుపొరుగు దేశాల శాంతి యత్నాలు

అఫ్గానిస్తాన్‌కు సముద్రతీరం లేదు. పాకిస్తాన్, ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, చైనాలు దాని సరిహద్దు దేశాలు. దక్షిణాసియా, మధ్యాసియా, ఇరాన్ కలిసే దారిలో ఉండటం వల్లే ఆ దేశం మీద అందరి కన్నూ పడింది. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ప్రవేశించినది మొదలు అక్కడ పోరాడిన దాదాపు ప్రతి వర్గానికీ సరిహద్దు అవతలి నుంచి డబ్బో ఆయుధాలో అందాయి. పొరుగువారు చేయి వెనక్కి తీసుకోనిదే యుద్ధం ఆగదన్న ఆలోచన ఆ అనుభవం నుంచే పుట్టింది.

దానికి తొలి రూపం జెనీవా ఒప్పందాలు. ఐక్యరాజ్యసమితి దూత డియేగో కార్డోవెజ్ ఏళ్ల తరబడి మధ్యవర్తిత్వం నడిపాక, 1988 ఏప్రిల్ 14న కాబూల్ ప్రభుత్వం, పాకిస్తాన్ సంతకాలు చేశాయి. అమెరికా, సోవియట్ యూనియన్ హామీదారులుగా నిలిచాయి. సోవియట్ సేనలతో అసలు పోరాడుతున్న ముజాహిదీన్లకు మాత్రం ఆ చర్చల్లో చోటు దక్కలేదు. 1989 ఫిబ్రవరి 15 నాటికి సోవియట్ సేనలు వెళ్లిపోయినా ఆయుధాల రాక ఆగలేదు. 1992 ఏప్రిల్‌లో కాబూల్‌లోని అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం కూలాక ముజాహిదీన్ వర్గాలు తమలో తాము కలహించుకుని కాబూల్‌నే యుద్ధరంగంగా మార్చాయి.

ఆ తర్వాత ఆరు సరిహద్దు దేశాలు, అమెరికా, రష్యా కలిసి 'సిక్స్ ప్లస్ టూ' బృందంగా ఏర్పడ్డాయి. పోరులో ఏ పక్షానికీ సైనిక సాయం చేయబోమని 1999 జులైలో తాష్కెంట్‌లో ప్రకటించాయి. నెల తిరక్కముందే, అప్పటికి కాబూల్‌ను పాలిస్తున్న తాలిబన్లు కాబూల్‌కు ఉత్తరాన ఉన్న షొమాలీ మైదానం మీద విరుచుకుపడ్డారు. ద్రాక్షతోటలు తగలబడ్డాయి, వేలాది కుటుంబాలు నిరాశ్రయమయ్యాయి. మాట తప్పినవారిని నిలదీసే ఏర్పాటేదీ ఆ ప్రకటనలో లేకపోవడమే దాని పెద్ద లోపం.

తాలిబన్లు కాబూల్‌ను కోల్పోయాక జరిగిన 2001 బాన్ సదస్సులో ఇరాన్, భారత్, రష్యాలు తాలిబన్ వ్యతిరేక ఉత్తర కూటమిని ఒప్పించడానికి సాయపడటంతో హమీద్ కర్జాయ్ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం కుదిరింది. 2002 డిసెంబరు 22న ఆరు పొరుగుదేశాలు కాబూల్‌లో సత్సంబంధాల ప్రకటన మీద సంతకం చేశాయి. 2007లో అఫ్గానిస్తాన్ సార్క్‌లో ఎనిమిదో సభ్యదేశమైంది. 2011 నవంబరులో మొదలైన ఇస్తాంబుల్ ప్రక్రియ భారత్, పాకిస్తాన్, ఇరాన్, సౌదీ అరేబియా, చైనాలను ఒకే వేదిక మీదికి తెచ్చింది. అయితే 2016 డిసెంబరులో అదే వేదిక అమృత్‌సర్‌లో సమావేశమైనప్పుడు, పాకిస్తాన్ ప్రకటించిన 50 కోట్ల డాలర్ల సాయాన్ని ఆ దేశ ప్రతినిధి సర్తాజ్ అజీజ్ ఎదుటే అఫ్గాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ కాదన్నారు. ఆ సొమ్మును తీవ్రవాదాన్ని అదుపు చేయడానికి వాడుకోవచ్చన్నారు.

సంతకాలు సాధించలేనిది కొంతవరకు రోడ్లు, పట్టాలు, తీగలు సాధించాయి. ఇరాన్ సరిహద్దు దగ్గరి జరంజ్ నుంచి దెలారామ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డును భారత్ వేసింది. ఆ పనిలో భారతీయులూ అఫ్గాన్లూ ప్రాణాలు కోల్పోయారు. 2016లో భారత్, ఇరాన్, అఫ్గానిస్తాన్ ఇరాన్‌లోని చాబహార్ రేవుపై ఒప్పందం చేసుకోగా, మరుసటి ఏడాది భారత్‌లోని కాండ్లా నుంచి గోధుమలు చాబహార్ మీదుగా అఫ్గానిస్తాన్‌కు చేరాయి. పాకిస్తాన్‌లోని కరాచీ దారి మూసుకుపోతే మరో దారి ఉండటం అఫ్గానిస్తాన్‌కు చిన్న విషయం కాదు. ఉత్తరాన హైరతాన్ నుంచి మజారె షరీఫ్‌కు 75 కిలోమీటర్ల రైలుమార్గం వచ్చింది. ఉజ్బెకిస్తాన్ కరెంటు కాబూల్ ఇళ్లకు చేరింది. తుర్క్‌మెనిస్తాన్ గ్యాస్‌ను భారత్ దాకా తేవలసిన తాపీ పైప్‌లైన్‌కు 2015లో శంకుస్థాపన జరిగినా పని నత్తనడకనే సాగింది.

2021 ఆగస్టు 15న తాలిబన్లు మళ్లీ కాబూల్‌లో అడుగుపెట్టాక పాత చీలికలు బయటపడ్డాయి. ఆ నవంబరు 10న ఢిల్లీలో జరిగిన భద్రతా చర్చలకు ఇరాన్, రష్యా, అయిదు మధ్యాసియా దేశాలు వచ్చాయి. పాకిస్తాన్, చైనా రాలేదు.

2025 జులైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. అక్టోబరులో పాకిస్తాన్, అఫ్గాన్ బలగాలు సరిహద్దులో తలపడగా, ఖతర్, తుర్కియే మధ్యవర్తిత్వంతో దోహాలో కాల్పుల విరమణ కుదిరింది. దాన్ని శాశ్వత ఒప్పందంగా మలచడానికి ఇస్తాంబుల్‌లో జరిపిన చర్చలు నవంబరులో ఫలితం లేకుండానే ముగిశాయి.