నీళ్లకు లొంగని మత్తు

గంజాయి పూగుత్తులు కోసి, నీడన ఆరబెట్టకుండా నేరుగా నీళ్లలో ముంచి, రోజూ నీళ్లు మారుస్తూ వారం పాటు నానబెట్టేవాళ్లు అమెరికాలో ఉన్నారు. దాన్ని ‘వాటర్ క్యూరింగ్’ అంటారు. ఆకుపసరు, చక్కెరలు, ఎరువుల ఉప్పులు నీళ్లలోకి దిగిపోతాయి. ఘాటు వాసన కూడా చాలావరకు పోతుంది. మత్తు మాత్రం అలాగే ఉంటుంది. ఇది తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది. ఏ పదార్థం కోసం ప్రభుత్వాలు ఇన్ని చట్టాలు చేశాయో, నీళ్లు సరిగ్గా దాన్నే వదిలేస్తున్నాయి!

కారణం చిన్నదే. మత్తునిచ్చే ఆ పదార్థం జిడ్డు జాతిది. నేతిలో, నూనెలో, సారాలో కరుగుతుంది గాని నీళ్లలో దాదాపు కరగదు. దాని నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో గావోనీ, మెకూలమ్ తేల్చారు. పరిశోధనకు కావలసిన అయిదు కిలోల హషీష్‌ను మెకూలమ్ పోలీసుల దగ్గరే తీసుకుని, సంచీలో పెట్టుకుని బస్సెక్కాడు.

మన వైద్యులు అంతవరకు ఆగలేదు. ఆయుర్వేదంలో దీని పేరు విజయ. శార్ఙ్గధరుడు దీన్ని ‘వ్యవాయి’కి, అంటే అరగకముందే ఒళ్లంతా పాకే ద్రవ్యానికి, ఉదాహరణగా చెప్పాడు. ఇక శుద్ధి పద్ధతి చూడండి: ఆకును గుడ్డలో మూటకట్టి, పచ్చనీరు దిగడం మానేదాకా కడిగి, పిండి, ఆరబెట్టి, ఆవునేతిలో సన్నసెగన వేయించాలి. నీటితో పోయేదాన్ని నీటితో పోగొట్టి, మిగిలినదాన్ని నేతికి అప్పగించడమన్నమాట. ఈ పద్ధతి మొదట ఎవరికి తట్టిందో గాని, ఆ మనిషికి దణ్ణం పెట్టాలి.

అక్కడి నుంచి కొన్ని శతాబ్దాలు దాటి 1839 నాటి కలకత్తాకు వచ్చేస్తాను. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఐర్లండ్ నుంచి వచ్చిన విలియం ఓషానెసీ అక్కడి మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. తర్వాతి కాలంలో దేశమంతా టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఈయనే. గంజాయి మీద పరిశోధన మొదలెట్టి, ముందు పుస్తకాలు తిరగేశాడు, మేకలకూ కుక్కలకూ తినిపించాడు. ఆపైన అమీర్ అనే ఆయన దగ్గరికి వెళ్లాడు. భంగు ప్రియులు చేరే పేరున్న అడ్డా ఒకటి అమీర్‌ది. ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడని ఊరి మాట. అతను ప్రొఫెసరు ఎదుటే పలుమార్లు మాజూం అనే మత్తు మిఠాయి వండి చూపించాడు. ఆకు, నెయ్యి, నీళ్లు కలిపి బొగ్గుల సెగ మీద కలియబెడుతూ ఉంటే, నీరంతా ఇగిరిపోయే వేళకు గిన్నె అంచున నెయ్యి చిటపటలాడుతుంది. అమీర్‌కు అదే గుర్తు. వేడిగా ఉండగానే గుడ్డలో వడగట్టి, పిప్పి పారేస్తాడు. తాగే భంగుకైతే నూరేముందు ఆకును చన్నీళ్లతో బాగా కడగాలని కూడా ఓషానెసీ తన వ్యాసంలో రాశాడు. ప్రొఫెసరు పేరు వైద్యచరిత్ర పుస్తకాలన్నిటా ఉంది. నేర్పిన అమీర్ గురించి ఆ వ్యాసంలో ఒకటి రెండు వాక్యాలు తప్ప మరేమీ మిగల్లేదు. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

పువ్వుకు మాత్రం నీటి సంగతి లేదు. అప్పటి బెంగాల్‌లోని రాజశాహీ జిల్లా నౌగావ్ పొలాల్లో కోసిన గుత్తుల్ని కాళ్లతో తొక్కి అణిచేవారు. అది చదును గంజాయి. చుడితే గుండ్రటిది. పూత పూర్తిగా విచ్చకముందే మగమొక్కల్ని గుర్తుపట్టి పీకించడానికి ‘పొద్దార్’ అనే నిపుణుడు ఉండేవాడు. ఒక్క మగమొక్క మిగిలినా పువ్వు గింజపట్టి చెడిపోతుందని అతనికి కూలి ఇచ్చి పిలిచేవారు. ఆ కన్ను ఇప్పుడెవరికుందో!

1893లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేచి, గంజాయి మీద ఒక కమిషన్ వేశారు. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ నిషేధం అక్కర్లేదనీ మరుసటి ఏడు తేల్చింది. ఆ కమిషన్ నివేదిక సంపుటాల్లో మన తెలుగు ఊరూ ఒకటి ఉంది. అప్పటి కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకా సంతరావూరు ప్రాంతంలో గంజాయి సాగు బాహాటంగా జరిగేది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూతనూ కాయనూ గంజాయి అంది, విడి ఆకును వదిలేసింది. కాశీలో భంగు దుకాణాలు ప్రభుత్వ లైసెన్సుతో నడిచేది అందుకే. ఆయుర్వేద మందుల నిబంధనల్లో మాత్రం భంగ విషద్రవ్యాల పట్టికలోనే ఉంది.