నిరీక్షణ: ఆగమనకాలపు చరిత్ర

మన తెలుగు బైబిలులో ఒక చక్కని మాట కలదు. ఇతర భాషలవారు 'ఆశ' అను అర్థము నిచ్చు పదమును వాడిన చోట మన అనువాదకులు 'నిరీక్షణ' అను పదమును వాడిరి. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని మూడింటిని కలిపి చెప్పుట తెలుగు క్రైస్తవులకు చిన్ననాటినుండి అలవాటు. నిరీక్షించుట యనగా ఎదురుచూచుట. ఆశ మనస్సులో నుండునది. ఎదురుచూపు కన్నులలోను, చేతులలోను నుండునది. ఆశపడువాడు పడుకొనియైనను ఆశపడవచ్చును. చుట్టము వచ్చునని ఎదురుచూచువాడు మాత్రము వాకిలి ఊడ్చి, దీపపు వత్తి సవరించి, కాళ్లకు నీళ్లు సిద్ధపరచి, నడుమనడుమ వీధివైపు చూచుచుండును. ఈ ఒక్క పదము నెన్నుకొనుటలోనే మన పెద్దలు ఒక కఠినమైన ప్రశ్నకు సగము సమాధానము చెప్పిరని మాకు తోచును.

ఆ ప్రశ్న యేది? ప్రభువు తిరిగి వచ్చునని నమ్మినవాడు, ఆయన వచ్చువరకు ఏమి చేయుచుండవలెను? క్రిస్మసు పండుగకు ముందు వచ్చు నాలుగు ఆదివారముల ఆగమనకాలము ఈ ప్రశ్నచుట్టునే అల్లుకొన్నది. ఈ ప్రసంగములో ఆ కాలము పుట్టి పెరిగిన తీరును, దానిలోని ప్రశ్నకు మనుష్యులు వేరువేరు యుగములలో తమ జీవితములతో చెప్పిన సమాధానములను వివరింపదలచితిమి.

ఈ ప్రశ్న క్రైస్తవ మతమంత పాతది. క్రీస్తు శకము 50వ సంవత్సర ప్రాంతమున అపొస్తలుడైన పౌలు గ్రీసు దేశపు ఉత్తర భాగమందలి థెస్సలొనీక పట్టణములోని చిన్న సంఘమునకు లేఖ వ్రాసెను. క్రొత్త నిబంధనలోని గ్రంథములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమైనదని పలువురు పండితుల అభిప్రాయము. ఆ సంఘమువారికి ఒక దుఃఖము కలిగినది. ప్రభువు నేడో రేపో వచ్చునని వారు నమ్మియుండగా కొందరు ఆత్మీయులు ఆయన రాకమునుపే మరణించిరి. పోయినవారి గతి యేమని వారు కలతపడిరి. పౌలు వారిని ఓదార్చెను. దానితోపాటు ఎవరి పని వారు తమ చేతులతో చేసికొనుచు నెమ్మదిగా బ్రదుకుడని హెచ్చరించెను. ఆ సంఘమునకే పౌలు పేర నున్న రెండవ లేఖలో ఆ హెచ్చరిక మరింత గట్టిది: పనిచేయ నొల్లనివానికి తిండి పెట్టనక్కరలేదని. ప్రభువు వచ్చుచున్నాడు గదా, ఇంక దుక్కి యేల, దుకాణమేల అని చేతులు ముడుచుకొన్నవారు ఆనాడే యుండిరని దీనివలన తెలియుచున్నది. వారికి బుద్ధి చెప్పిన పౌలు స్వయముగా డేరాలు కుట్టి పొట్టపోసికొన్న చేతిపనివాడు.

రాకడకై ప్రత్యేకముగా ఒక కాలమును కేటాయించుట మాత్రము చాల తరువాతి మాట. 'అడ్వెంటు' అను పదము 'రాక' అను అర్థము గల లాటిను పదమునుండి పుట్టినది. రోమను చక్రవర్తి ఒక నగరమునకు విచ్చేయుటను సైతము ఆ పదముతోనే పిలిచెడివారు. చక్రవర్తి వచ్చునన్నచో నగరమంతయు ముస్తాబగుట సహజము. క్రైస్తవులు ఆ రాజసమైన పదమును పశువుల తొట్టిలో పరుండిన శిశువునకు అన్వయించుకొనిరి.

క్రీస్తు శకము 380లో స్పెయిను దేశపు సరగోసా నగరమున సమావేశమైన మతపెద్దలు, డిసెంబరు 17 మొదలు జనవరి 6 వరకు విశ్వాసు లెవ్వరును దేవాలయమునకు రాక మానరాదని కట్టడి చేసిరి. ఇండ్లలో దాగవలదనియు, కొండలకు పోవలదనియు అందు ప్రత్యేకముగా చెప్పబడినది. ఐదవ శతాబ్దమున నేటి ఫ్రాన్సు దేశపు టూర్సు నగర బిషపు పెర్పెట్యూయస్, నవంబరు 11వ తేదీన వచ్చు మార్టిను పుణ్యపురుషుని పండుగ మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినము లుపవాసము విధించెను. ఆ ప్రాంతమువారు దానిని మార్టిను నోము వంటిదిగా ఆచరించిరి. ఆరవ శతాబ్దాంతమున రోమునగర పోపైన మొదటి గ్రెగొరీ నాటికి నాలుగు ఆదివారముల పద్ధతి కుదురుకొన్నది. నేటికిని పాశ్చాత్య సంఘములలో నవంబరు 30కి దగ్గరగా వచ్చు ఆదివారము ఆగమనకాలమునకు తొలి దినము. క్రైస్తవ ఆరాధనా సంవత్సరమునకు అదియే ఉగాది. తూర్పుదేశపు ఆర్థొడాక్సు సంఘములవారు నలుబది దినము లుపవసింతురు. మన పొరుగున కేరళమందలి సిరియను క్రైస్తవులు డిసెంబరు 1 మొదలు ఇరువదియైదు దినముల నోము పట్టుదురు.

ఈ కాలమునకు రెండు ముఖములు. ఒక ముఖము వెనుకకు, బేత్లెహేమువైపు చూచును. రెండవది ముందునకు, యుగాంతమున ప్రభువు రెండవ రాకడవైపు చూచును. వచ్చినవానిని స్మరించుచు రానున్నవానికై వేచియుండుట ఇందలి విశేషము. వెనుకచూపు సులభము. అది పాటలతోను, పిండివంటలతోను తీరును. ముందుచూపే కష్టము, మనుష్యులు తడబడినదెల్ల అచ్చటనే.

ఆ తడబాటునకు ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికా దేశమున జరిగినది. న్యూయార్కు రాష్ట్రపు రైతు విలియం మిల్లరు సత్యసంధుడు, బైబిలును శ్రద్ధగా చదివినవాడు. దానియేలు గ్రంథములోని సంఖ్యలను లెక్కించి, క్రీస్తు 1843వ సంవత్సర ప్రాంతమున తిరిగి వచ్చునని ఆయన నిశ్చయించుకొనెను. అనుకొన్న గడువు దాటిపోగా ఆయన అనుచరులలో ఒకరు మరల లెక్కచూచి 1844 అక్టోబరు 22వ తేదీని ప్రకటించిరి. వేలకొలది జనులు నమ్మిరి. కొందరు రైతులు పండిన పంటను పొలములోనే విడిచిపెట్టిరి. కొందరు వ్యాపారులు దుకాణములు మూసివేసిరి. ఆ రాత్రి వారు మేలుకొని ఆకాశమువైపు చూచుచుండిరి. తెల్లవారినది, ఎప్పటివలెనే సూర్యుడుదయించెను. చరిత్రకారులు దీనిని 'మహా నిరాశ' యని పిలుతురు. లోకము వారిని చూచి నవ్వినది.

మేము మాత్రము నవ్వజాలము. ఆ రాత్రి మేల్కొన్నవారు మోసగాండ్రు కారు. ఉన్నదంతయు ఒక మాటమీద ఒడ్డిన అమాయకులు. మిల్లరు తన లెక్క తప్పినదని బహిరంగముగా ఒప్పుకొనెను. నిరీక్షణను మాత్రము 1849లో కన్నుమూయువరకు విడువలేదు. ఆ నిరాశలో మిగిలినవారిలో ఒక వర్గమువారు 1863లో సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘముగా ఏర్పడిరి. రాకడ యను పదము వారి పేరులోనే నిలిచియున్నది. వారు తేదీలు చెప్పుట మాని పాఠశాలలు, వైద్యశాలలు కట్టుటకు పూనుకొనిరి. మన నూజివీడులో 1925లో వెలసిన గిఫర్డు స్మారక వైద్యశాల ఆ సంఘమువారు స్థాపించినదే. ఆకాశమువైపు చూచిచూచి అలసిన కన్నులు ప్రక్కనున్న రోగిమీదికి మరలెనని దీనిని మేము అర్థము చేసికొందుము.

దీనికి అరువదినాలుగు సంవత్సరములకు ముందే, అదే దేశములో, ఇదే ప్రశ్నకు ఒక వృద్ధుడు మరొక సమాధానము చెప్పియుండెను. 1780 మే 19వ తేదీన అమెరికా ఈశాన్య ప్రాంతమంతట పట్టపగలు చీకటి క్రమ్మినది. కోళ్లు గూళ్లకు చేరినవి. మధ్యాహ్న భోజనమునకు ఇండ్లలో దీపములు పెట్టుకొనవలసివచ్చినది. తీర్పుదినము వచ్చినదని ప్రజలు భయకంపితులైరి. ఆ సమయమున కనెక్టికటు శాసనసభ హార్ట్‌ఫర్డు నగరమున సమావేశమైయున్నది. దిగువసభ వాయిదా పడినది. ఎగువసభను సైతము వాయిదా వేయుదమని ప్రతిపాదన వచ్చినది. అప్పుడు అబ్రహాము డేవెన్‌పోర్టు అను సభ్యుడు లేచి వల్లకాదనెను. తీర్పుదినము రాకున్నచో వాయిదాకు కారణము లేదు. వచ్చినచో నా కర్తవ్యము చేయుచుండగా ప్రభువు నన్ను చూచుటయే నాకిష్టము. కావున క్రొవ్వొత్తులు తెప్పింపుడని ఆయన మాటల సారాంశము. క్రొవ్వొత్తులు వచ్చినవి, సభ సాగినది. ఆ చీకటికి కారణము దూరమందలి అడవులలో రగిలిన కార్చిచ్చు పొగ యని తరువాతివారు తేల్చిరి. కెనడా అడవులలోని చెట్ల వలయములలో ఆ యేటి అగ్ని మచ్చలు శాస్త్రజ్ఞులకు కనబడినవి.

అనుచరులు ప్రకటించిన తేదీ తప్పినది. డేవెన్‌పోర్టునకు తేదీతో పనియే లేకపోయెను. ప్రభువు వచ్చినను, రాకున్నను చేయవలసిన పని యొక్కటే యని గ్రహించినవానికి చీకటి భయము లేదు. పదిమంది కన్యకల ఉపమానములో క్రీస్తు మెచ్చుకొన్నది పెండ్లికుమారుడు వచ్చు గడియను ముందుగా కనిపెట్టినవారిని కాదు. ఆలస్యమగునేమో యని సిద్దెలలో నూనె వెంటతెచ్చుకొన్నవారిని. బుద్ధిలేనివారును, బుద్ధిగలవారును కునికిపాట్లు పడినవారే. తేడా యంతయు నూనెలోనే యున్నది.

ఇక క్రొవ్వొత్తుల కథ జర్మనీకి పోవును. హాంబుర్గు రేవుపట్టణమున యోహాను హిన్రిఖ్ విఖెర్న్ అను యువ బోధకుడు వీధులలో దిక్కులేక తిరుగు బాలురను చూచి మనసు కరగి, 1833లో ఊరి వెలుపల ఒక పాత ఇంటిలో ఆశ్రమము నెలకొల్పెను. బాలురను ఒక్క పెద్ద దొడ్డిలో త్రోయక, పండ్రెండుమంది చొప్పున కుటుంబములుగా చేసి, కుటుంబమునకొక పెద్దదిక్కు నేర్పరచెను. వారికి చదువుతోపాటు కుట్టుపని, చెప్పులపని, వ్యవసాయము మున్నగు వృత్తులు నేర్పించెను.

ఆగమనకాలము రాగానే ఆ పిల్లలు క్రిస్మసు ఇంకెన్నాళ్లని ప్రతిదినము అడిగెడివారట. ఇల్లన్నది, పండుగన్నది ఎరుగని పిల్లలకు ఎదురుచూచుటయు క్రొత్తవిద్యయే గదా! 1839లో విఖెర్న్ ఒక పెద్ద కొయ్య చక్రమును తెచ్చి దానిపై క్రొవ్వొత్తులు నిలిపెను: ఆదివారములకు నాలుగు పెద్ద తెల్లనివి, తక్కిన దినములకు చిన్న ఎఱ్ఱనివి. దినమున కొక్కటి చొప్పున వెలిగించుచు, పాడుచు, వాక్యము చదువుచు పిల్లలు దినములు లెక్కించుకొనిరి. పండుగ దగ్గరపడిన కొలది గది వెలుగు పెరిగినది. ఉత్తర ఐరోపాలో డిసెంబరు పగటికాలము దినదినము కుదించుకొనిపోవును; బయట చీకటి పెరుగుచుండగా లోపల వెలుతురు పెరుగుట ఆ పిల్లలు కన్నులారా చూచిరి. తరువాత ఆ చక్రమునకు పచ్చని కొమ్మలు చేరినవి. క్రమముగా అది నాలుగు దీపముల మాలగా మారి దేశదేశములకు వ్యాపించినది. నేడు మన తెలుగు దేవాలయములలోను ఆగమన ఆదివారములలో ఆ నాలుగు దీపములు వెలుగుచున్నవి. ఆ అలంకారము రాజప్రాసాదములో కాక అనాథ బాలుర యింట పుట్టినదని స్మరింపవలెను.

మిల్లరు అనుచరుల లెక్క ఆ దినముతో ముగిసినది. విఖెర్న్ లెక్క ప్రతిదినమును ఒక దీపముగా చేసినది. నిరీక్షణకు సరియైన లెక్క యిదియే యని మా అభిప్రాయము. రేపటి తేదీ మన చేతిలో లేదు. నేటి దీపము మన చేతిలో నున్నది.

మన తెలుగునాట ఇట్టి నిరీక్షణకు రాతిలో నిలిచిన సాక్ష్యము మెదకు దేవాలయము. చార్లెసు వాకరు పాస్నెట్టు అను వెస్లియను మిషనరీ ఆధ్వర్యమున 1914లో ప్రారంభమైన ఈ నిర్మాణము పది సంవత్సరములు సాగినది. అది కరవుకాలము. ఆకలిగొన్న చుట్టుప్రక్కల గ్రామములవారికి ఆ కట్టుబడియే కూలియై, తిండియై ప్రాణములు నిలిపినది. ఊరక పెట్టిన అన్నమునకంటె చేసిన పనికి వచ్చిన అన్నము మనుష్యునకు గౌరవము నిలుపునని ఆ పెద్దలు గ్రహించిరి. 1924 డిసెంబరు 25న దేవాలయ ప్రతిష్ఠ జరిగినది. 175 అడుగుల గోపురము గల ఆ కట్టడమునకు 2024లో నూరేండ్లు నిండినవి.

ఆ దేవాలయమున మూడు రంగుటద్దాల గవాక్షములు కలవు. చిత్రకారుడు ఫ్రాంకు సాలిస్‌బరీ. క్రీస్తు పరలోకారోహణమును చూపు గవాక్షము 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువ మరణమును చూపునది 1958లోను ఏర్పడినవి. కథలో చివర జరిగినది గోడమీద మొదట వచ్చినది. ఆ ఆరోహణ ఘట్టమే నిరీక్షణకు ఆరంభము. అపొస్తలుల కార్యముల గ్రంథము ప్రకారము, క్రీస్తు మేఘములలో మరుగైన పిదప శిష్యులు మీదికి చూచుచు నిలిచిపోగా, తెల్లని వస్త్రములు ధరించిన యిద్దరు వారి ప్రక్కన నిలిచి, మీరేల ఆకాశమువైపు చూచుచున్నారని అడిగి, ఆయన మరల వచ్చునని చెప్పిరి. శిష్యులు కొండ దిగి ఊరిలోనికి నడచిరి. చేయవలసిన పని ఊరిలోనే యున్నది.

ఆ గవాక్షములకు స్వంత వెలుగు లేదు. పగలు బయటినుండి సూర్యకాంతి సోకినప్పుడే రంగులు మేలుకొనును. రాత్రి లోపల నున్నవారికి అవి నల్లని పలకలే. అయినను చీకటిలో వాని నెవ్వరును పగులగొట్టరు. తెల్లవారునని అందరికిని తెలియును. అంతవరకు లోపల నున్నవారు ఒక దీపము వెలిగించుకొని తమ పని తాము చేసికొందురు.