వెనక వరుసలో కూర్చున్నవాళ్లు

జహీరాబాద్‌లో నేను మొదట విన్న కవిసభ తెలుగుది కాదు. డిగ్రీ మొదటి ఏడాది. ఒక రాత్రి మా తరగతి స్నేహితుడు ముషాయిరాకు తీసుకుపోయాడు. గల్లీ మధ్యలో షామియానా, నేలమీద తెల్ల దుప్పట్లు. చదివినదాంట్లో సగానికి సగం నాకు అర్థం కాలేదు. వినేవాళ్లు చేసే పని మాత్రం కళ్లారా చూశాను. కవి షేర్‌లో మొదటి పాదం చదివి ఆగుతాడు. జనం దాన్ని నోట అందుకుంటారు. ‘ముకర్రర్’ అంటారు, అంటే మళ్లీ చదవమని. కవి మళ్లీ చదువుతాడు. రెండో పాదం చివరికి వచ్చేసరికి ప్రాస ఏమిటో సభకే తెలిసిపోయి, కవితోపాటు వందమంది ఆ మాట అంటారు. కుర్ర కవులు ముందు చదువుతారు, పేరున్న ఉస్తాద్ చిట్టచివర. ఆయన కోసం తెల్లవారుజాము దాకా ఎవరూ లేవరు. వినడమూ నేర్చుకోవలసిన విద్యేనని నాకు అక్కడే తెలిసింది.

మా ఊరికి ఇది వింత కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడే మెదక్ జిల్లాలో కలిసింది. ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ, పొలం గట్టు దాటితే కన్నడం. ఏ భాషలో కవిత్వం చదివినా చెవి ఒగ్గే మనిషి ఒకడు ఇక్కడ దొరుకుతాడు.

కానీ నిజాం కాలంలో తెలుగు పిల్లవాడికి ఆ భాగ్యం అంత సులువుగా దొరకలేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. బోధన ఉర్దూలో. దేశంలో ఇంగ్లీషును పక్కనపెట్టి ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పడం గొప్ప సంగతే. అయితే తెలుగింటి విద్యార్థి తన భాషను పదిమందిలో, తలెత్తుకుని వినాలంటే తరగతి గది చాలదు, సభకు పోవాలి. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి చోట్లకు పోవాలి. సభలోనైనా మర్యాద దక్కుతుందన్న హామీ లేదు. 1921 నవంబర్ 12న హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో కర్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార మహాసభ జరిగింది. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఈలలు, చప్పట్లు, కేకలతో నోరు మూయించారు. ఆ అవమానం భరించలేక లేచి వచ్చినవాళ్లు అదే రాత్రి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఆ ఉద్యమమే పెరిగి 1930లో మొదటి ఆంధ్ర మహాసభ అయింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. చోటు మా జిల్లాలోని జోగిపేట.

జోగిపేటను ఆనుకునే అందోల్. 1908 ఫిబ్రవరి 4న ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడే పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే చిన్నాన్న పెంచాడు. చిన్నతనంలో మసీదు ఊడ్చి, నీళ్లు మోసిన పిల్లవాడు చదువుకోసం హైదరాబాద్ చేరి, ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆయన తొలి కవిత విప్లవ గీతం కాదు, హాస్టల్‌లో ఒక దుశ్శాలువా మీద అల్లిన హాస్య కవిత. ఆయన కవిత్వాన్ని మొదట విని నవ్విందీ, మళ్లీ చదవమందీ తోటి విద్యార్థులే. ‘సుర్ఖ్ సవేరా’ సంపుటి 1944లో గాని రాలేదు. అంటే పుస్తకానికి చాలా ముందే ఆయనకు శ్రోతలున్నారు. పేద ఇంటి కుర్రాడికి అచ్చుకన్నా ముందు దొరికేది చెవులేనని నా నమ్మకం. మఖ్దూంను కార్మిక నాయకుడిగా తలుచుకునేవాళ్లు ఈ హాస్టల్ గదిని మరిచిపోతుంటారు. నాకది బాధగా ఉంటుంది.

అలా విని, చూసి నేర్చుకునే వీలు పెద్ద సభల్లోనూ దొరికేది. 1953 జనవరిలో అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. ప్రజల పలుకుబడిలో రాసిన తెలంగాణ కవి పుస్తకాన్ని ‘మహాప్రస్థానం’ కవి చేతుల్లోకి తీసుకోవడం చూసినవాళ్లకు అది ఎంత పెద్ద చదువో!

విద్యార్థులు విని ఊరుకోని సందర్భం కూడా ఒకటుంది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి. ఊరంతా రచయితలే. శాలువాలు, దండలు, ప్రసంగాలు. ఆ సభల్లో ఒక కరపత్రం చేతులు మారింది. శ్రీకాకుళంలో గిరిజన రైతాంగం పోరాడుతుంటే రచయితలు ఎటువైపు నిలబడతారని అది నిలదీసింది. కింద వ్యక్తుల పేర్లు లేవు, ‘విశాఖ విద్యార్థులు’ అని మాత్రమే ఉంది. అయిదు నెలలు తిరిగేసరికి, జులై 4న, హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది, శ్రీశ్రీయే అధ్యక్షుడు. ఆ రాజకీయాలతో ఎవరికెంత పేచీ ఉన్నా, తెలుగు సాహిత్యాన్ని నిలువునా చీల్చిన ఆ ప్రశ్న వేదిక మీదనుంచి రాలేదు, కింద కూర్చున్నవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. ఆ సభల్లో వాళ్లు మర్యాదగా చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయుంటే ఏమయ్యేదో ఊహించలేను.

మా తరానికి అంత సాహసం లేదు. మాకున్నదల్లా ఆకలి. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ముంబై రహదారి మీద సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి బస్సు నగరంలో పడుతుంది. లక్డీకాపూల్ ద్వారకా హోటల్‌లో కె. శివారెడ్డి చుట్టూ కవులు చేరతారని విన్నాం. ఆయన వివేకవర్ధని కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసినవాడు, ‘మోహనా! ఓ మోహనా!’కు 1990లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక సాయంత్రం నేనూ, నన్ను ముషాయిరాకు తీసుకుపోయిన స్నేహితుడూ వెళ్లి పక్క బల్ల దగ్గర కూర్చున్నాం. పలకరించే ధైర్యం లేదు. ఒక చాయ్ చెప్పి, రెండు కప్పుల్లో పోసుకుని, గంటసేపు తాగాం. అవతల బల్ల మీద ఎవరో కాగితం విప్పి చదివారు. చదవడం అయ్యాక ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఆ కాసేపు మౌనం నాకిప్పటికీ గుర్తే. ముషాయిరాలో జనం కేకలు వేస్తారు, ఇక్కడ మాట పెగలలేదు. రెండూ మెచ్చుకోలే అని అప్పుడు తోచింది.

ఉమ్మడి మెదక్‌లో కూడా అప్పటికే కదలిక వచ్చింది. 1986లో నందిని సిధారెడ్డి చొరవతో సిద్దిపేటలో మంజీరా రచయితల సంఘం ఏర్పడింది. తమ ఊరి యాసలో కవిత్వం రాసి, సిగ్గుపడకుండా నిలబడి చదివే పిల్లలు దాని సభల్లో తయారయ్యారు.

ద్వారకా హోటల్ నుంచి లేచి వచ్చిన ఆ రాత్రి మాకు ఆఖరి బస్సు దొరికింది. సీట్లు లేవు. డ్రైవర్ వెనక ఇంజను మూత మీద దస్తీ పరుచుకుని కూర్చున్నాం. సంగారెడ్డి దాటాక మా స్నేహితుడు టికెట్ వెనక ఉర్దూలో రెండు పాదాలు రాసి, ఇంజను హోరులో మొదటిది చదివాడు. నాకు సరిగా వినపడలేదు.

“మళ్లా చదువు” అన్నాను.

“అట్ల కాదురా, ముకర్రర్ అనాలె” అన్నాడు.